అణు లైసెన్సులో ఊరి మాట ఎంత?

2024 అక్టోబరు చివర, నవంబరు మొదట్లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో నలుగురు కూడిన చోటల్లా యురేనియం మాటే. కప్పట్రాళ్ల రిజర్వు ఫారెస్టులో 468 హెక్టార్ల పరిధిలో 68 బోర్లు వేసి, అడుగున ఖనిజం ఎంత ఉందో తేల్చుకుంటామని కేంద్ర అణు ఇంధన శాఖకు చెందిన అణు ఖనిజాల అన్వేషణ సంస్థ ప్రతిపాదించింది. డోన్ నుంచి చూస్తే ఆ అడవి పడమరగా నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. సంగతి తెలిసిన చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రోడ్డు మీద బైఠాయించారు. గ్రామసభలు పెట్టి వద్దని తీర్మానాలు రాశారు. కొద్ది రోజులకే అన్వేషణ ఉండదని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది.

ఊళ్లు గెలిచాయని అప్పుడు అందరూ అన్నారు. గెలిచిన మాట నిజమే. కానీ ఆ తీర్మానాలకు చట్టంలో విలువ లేదు. ఆగింది రాజకీయ ఒత్తిడి వల్ల. ఒత్తిడి తగ్గిన రోజున అదే ప్రతిపాదన మళ్లీ వస్తే, పాత తీర్మానం కాగితం చూపించి ఆపే వీలు ఏ పంచాయతీకీ లేదు. గనుల విషయంలోనే ఇలా ఉంటే, అణు విద్యుత్ కేంద్రం విషయంలో ఊరి మాటకు ఎంత చోటుందో చూడాలి. ప్రమాదం జరిగితే ముందు పరుగెత్తాల్సింది ఎవరో కూడా దాంతోపాటే చూడాలి. ఈ రెండూ విడివిడి ప్రశ్నలుగా కనిపిస్తాయి కానీ నిజానికి ఒకటే.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో ఆరో అంశం అణుశక్తి, దానికి కావలసిన ఖనిజాలు. అంటే ఇందులో రాష్ట్ర శాసనసభకే చట్టం చేసే అధికారం లేదు, ఇక పంచాయతీ సంగతి చెప్పక్కర్లేదు. 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు 29 అంశాలు రాసిపెట్టారు: తాగునీరు, పాడి పశువులు, రోడ్లు, ఆసుపత్రులు, బడులు వగైరా. అణుశక్తి ఆ జాబితాలో లేదు. అయితే రియాక్టరులో ప్రమాదం జరిగితే గంటల్లో దెబ్బతినేవి సరిగ్గా ఇవే: తాగే నీళ్లు, పాలు, రోడ్లు, ఆసుపత్రులు, బడులు.

రియాక్టరుకు అనుమతి ఇచ్చేది 1983 నవంబరులో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ. స్థలానికి ఒకసారి, నిర్మాణానికి ఒకసారి, తొలిసారి నడిపి చూడటానికి ఒకసారి, మామూలుగా నడపడానికి ఒకసారి, ఇలా మెట్టుమెట్టుగా అనుమతులుంటాయి. ఏ మెట్టు దగ్గరా పంచాయతీ ఒప్పుకోలు అడగరు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం 1962 నాటి అణుశక్తి చట్టం స్థానంలో వచ్చింది. ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది, ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా ఇచ్చింది. హోదా రావడం మంచిదే, ఎన్నో ఏళ్లుగా నిపుణులు అడుగుతున్నదే. ఊరి మాటకు మాత్రం లైసెన్సులో కొత్తగా కుర్చీ పడలేదు.

అనుమతుల దారిలో ఊరు నోరు విప్పగలిగే ఒకే ఒక్క చోటు పర్యావరణ అనుమతి కోసం జరిగే ప్రజాభిప్రాయ సేకరణ. 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇచ్చి దీన్ని జరపాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మెజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. ఎంతమంది రావాలన్న లెక్క లేదు. వచ్చినవాళ్లు చెప్పింది రాసుకుని ఢిల్లీకి పంపుతారు. అందరూ వద్దన్నా అనుమతి ఇవ్వకూడదన్న నిబంధన లేదు. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గనికీ, శుద్ధి కర్మాగారానికీ ఇలాంటి సభ ఆ నోటిఫికేషన్‌కు నాలుగు రోజుల ముందే, 2006 సెప్టెంబరు 10న జరిగింది. తర్వాతి సంవత్సరం శంకుస్థాపన అయింది. ఆ తర్వాతి ఏళ్లలో కె.కె.కొట్టాల వైపు రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చెప్పుకొచ్చారు. దానికి తమ వ్యర్థాలు కారణం కాదని యురేనియం కార్పొరేషన్ అంది. 2018లో కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసిచ్చింది. సభలో వేసిన ప్రశ్నలకే పన్నెండేళ్ల తర్వాత నోటీసుల్లో జవాబులు వెతుక్కోవాల్సి వచ్చిందన్నమాట. ఆ కాస్త అవకాశం కూడా ఇప్పుడు కుదించుకుపోయింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని కేంద్ర పర్యావరణ శాఖ 2025 సెప్టెంబరు 8న మెమో ఇచ్చింది. కప్పట్రాళ్లలో గానీ, మరోచోట గానీ రేపు గని ప్రతిపాదన వస్తే, రాయలసీమ రైతుకు ఆ ఒక్క మైకు కూడా అందదు.

అన్వేషణ బోరు, గని, రియాక్టరు మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. అన్వేషణ బోరు నుంచి గాలిలోకి వచ్చే రేడియోధార్మికత చాలా తక్కువ. అక్కడ అడగాల్సిన ప్రశ్న నీటి పొరల గురించి: వేసిన బోర్లను పని అయ్యాక సిమెంటుతో సరిగా మూస్తున్నారా, ఒక పొర నీళ్లు ఇంకో పొరలోకి దిగుతున్నాయా అన్నది. గని దగ్గర లెక్క మారుతుంది. ఖనిజం నుంచి యురేనియం తీసేశాక మిగిలిన మడ్డిలో మొదటి రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం అలాగే ఉండిపోతుంది. అందులోని థోరియం-230 సగానికి తగ్గడానికే 75 వేల ఏళ్లు పడుతుంది, రేడియం-226కు 1,600 ఏళ్లు. అందుకే ఆ మడ్డిని నిలవచేసే టెయిలింగ్ పాండ్ కట్ట తెగడమన్నది గని దగ్గర అసలైన ఆపద. 1979 జులై 16న అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం చర్చ్‌రాక్‌లో అలాంటి కట్ట తెగి, 35 కోట్ల లీటర్లకు పైగా వ్యర్థ జలం ప్యుయెర్కో వాగులో కలిసింది. ఒడ్డున గొర్రెలు మేపుకునే నవాహో తెగవాళ్లకు ఆ సంగతి వెంటనే, సరిగ్గా చెప్పినవాళ్లు లేరు.

రియాక్టరు ప్రమాదం ఇంకో రకం. దానికి గంటల వేగం ఉంటుంది. మన రాష్ట్రంలో దాని ముచ్చట కొవ్వాడది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని ఆ సముద్రతీరానికి కేంద్రం 2009లో సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. మొదట ఒక అమెరికా కంపెనీ రియాక్టర్లనుకున్నారు, 2016లో గుజరాత్‌లోని మీఠీవిర్దీ నుంచి వెస్టింగ్‌హౌస్ ఏపీ1000 రియాక్టర్లను ఇటు మళ్లించారు. ఒక్కోటి 1,208 మెగావాట్లు, మొత్తం ఆరు. భూసేకరణ రెండు వేల ఎకరాలకు పైమాట. మత్స్యకార కుటుంబాలకు పునరావాస కాలనీ లెక్కలు వేశారు. నిర్మాణం మాత్రం మొదలు కాలేదు. రాయలసీమకు గని, కోస్తాకు రియాక్టరు రావడం యాదృచ్ఛికం కాదు, రియాక్టరుకు నీళ్లు కావాలి, మన దగ్గర అవి లేవు.

ఏపీ1000 రియాక్టరు గర్భంలో పుట్టే వేడి సుమారు 3,400 మెగావాట్లు. అందులో మూడో వంతుకు కాస్త ఎక్కువే కరెంటవుతుంది. అత్యవసరంలో నియంత్రణ కడ్డీలు దించి అణు విచ్ఛిత్తిని క్షణాల్లో ఆపేయవచ్చు. కానీ వేడి ఆగదు. మంట ఆర్పిన పొయ్యిలో నిప్పులు కణకణలాడుతూ ఉన్నట్టు, విచ్ఛిత్తిలో పుట్టిన ముక్కలు విడివిడిగా క్షీణిస్తూ వేడినిస్తూనే ఉంటాయి. ఆపిన క్షణాన అది మొత్తంలో ఆరేడు శాతం, అంటే 200 మెగావాట్ల పైచిలుకు. ఒక రోజు గడిచాక కూడా అర శాతం దగ్గర, అంటే పదిహేను మెగావాట్లకు పైనే ఉంటుంది. దాన్ని నీళ్లతో లాగేస్తూ ఉండాలి. ఫుకుషిమాలో 2011 మార్చి 11న భూకంపం వచ్చినప్పుడు రియాక్టర్లు సక్రమంగానే ఆగాయి. సునామీ వచ్చి డీజిల్ జనరేటర్లను ముంచేయడంతో ఈ మిగులు వేడిని లాగేవాళ్లు లేక ఇంధనం కరిగింది. ఏపీ1000లో పంపులు, కరెంటు లేకున్నా 72 గంటలు గురుత్వాకర్షణతోనే నీళ్లు దిగి చల్లబరిచే ఏర్పాటుంది. ఇది నిజంగానే ముందడుగు. అయితే ఆ 72 గంటలు దాటాక నీళ్లు నింపాల్సింది మనుషులే, వాళ్లు కేంద్రానికి చేరాలంటే రోడ్డు ఉండాలి.

ఇంధనం కరిగితే బయటికి వచ్చేవాటిలో ఊళ్లకు ముందు తగిలేది అయొడిన్-131. ఎనిమిది రోజులకు సగమవుతుంది కాబట్టి త్వరగానే పోతుంది, కానీ ఆ కొద్ది రోజుల్లోనే గడ్డి మీద పడి, ఆవు కడుపులోకి వెళ్లి, పాలలోంచి పిల్లల థైరాయిడ్‌లోకి చేరుతుంది. చెర్నోబిల్ తర్వాత పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్లు పెరగడానికి ప్రధాన దారి ఇదే. రెండోది సీజియం-137. ముప్ఫై ఏళ్లకు గానీ సగం కాదు, నేలను పట్టుకుని కూర్చుంటుంది. మొదటిదాన్ని తట్టుకోవడానికి మూడు పనులున్నాయి: తలుపులు మూసుకుని ఇంట్లో ఉండటం, పొటాషియం అయొడైడ్ మాత్ర వేసుకోవడం, గాలి దిశ చూసి ఊరు వదలడం. వాటికి తోడు స్థానికంగా దొరికే పాలు ఆపడం. అయొడైడ్ మాత్ర ముందుగా గానీ, తగిలిన కొద్ది గంటల్లో గానీ పడాలి. ఒక రోజు దాటాక వేసుకుంటే పెద్దగా ఫలితం ఉండదు. కాబట్టి ఆ మాత్ర శ్రీకాకుళం గోదాములో ఉందా, ఊళ్లోని ఆశా కార్యకర్త దగ్గరే ఉందా అన్నది ప్రాణం మీదికి వచ్చే తేడా.

ఏఈఆర్‌బీ నియమాల్లో అణు విద్యుత్ కేంద్రం చుట్టూ వలయాలుంటాయి. మొదటి కిలోమీటరులో జనావాసం ఉండకూడదు. ఐదు కిలోమీటర్ల దాకా జనాభా సహజంగా పెరగొచ్చు గానీ, కొత్త కాలనీలు, పెద్ద పరిశ్రమలు రాకుండా చూడాలి. అంటే ఆ వలయంలోని పంచాయతీ తన లేఅవుట్లు, తన రాబడి, తన ఎదుగుదల వదులుకుంటున్నట్టే. పదహారు కిలోమీటర్ల దాకా అత్యవసర ప్రణాళిక ఉండాలి. ఆ వలయాన్ని పదహారు ముక్కలుగా విడదీసి, గాలి ఎటు వీస్తే అటు ముక్కల్లో ముందు చర్యలు మొదలుపెడతారు. కేంద్రం ప్రహరీ లోపలి ప్రణాళిక దాన్ని నడిపే ఎన్‌పీసీఐఎల్ చూసుకుంటుంది. ప్రహరీ బయటిది జిల్లా యంత్రాంగం చేతిలో ఉంటుంది, కలెక్టరు దానికి పెద్ద. రియాక్టరు నడిపే అనుమతికి ముందే బయటి ప్రణాళిక సిద్ధం కావాలి, దాన్ని ఆచరించి చూడాలి. ఆ తర్వాత రెండేళ్లకోసారి విన్యాసం చేయాలి.

కలెక్టరు ఒక్కరే ఏమీ చేయలేరు. ఫోను చేస్తే తహసీల్దారు, తహసీల్దారు చెబితే వీఆర్వో, పంచాయతీ కార్యదర్శి, ఏఎన్ఎం. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి కాబట్టి, ప్రణాళిక ఏదైనా చివరికి నడిచేది ఆ చిన్న ఆఫీసులోంచే. మంచం పట్టిన ముసలమ్మ ఏ ఇంట్లో ఉందో, నెలలు నిండిన గర్భిణి ఎవరో, వేటకెళ్లిన పడవలు ఎన్నో, వానొస్తే ఏ కల్వర్టు మునుగుతుందో సర్పంచికీ, వార్డు మెంబరుకూ తెలుసు. ముంబైలోని నియంత్రణ మండలికి తెలియదు. ప్రమాదం రోజున అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం ఉన్నవాళ్లను, అనుమతి రోజున మాత్రం ఎవరూ అడగరు. నాకు ఇదే అన్నిటికన్నా మింగుడుపడని విషయం.

విచిత్రంగా, రసాయన కర్మాగారాల విషయంలో చట్టం ఇంతకన్నా తెలివిగా ఉంది. భోపాల్ తర్వాత పన్నెండేళ్లకు, 1996లో వచ్చిన రసాయన ప్రమాదాల నియమాల్లో స్థానిక సంక్షోభ బృందం అనే ఏర్పాటుంది. అందులో సర్పంచి లేదా ఊరి పెద్ద, స్థానిక పత్రిక సంపాదకుడు, ఊరి డాక్టర్లు సభ్యులు. కాగితం మీద ఉంటే సరిపోదని విశాఖ చూపించింది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చినప్పుడు సైరన్లు మోగలేదు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ కూడా అదే తేల్చింది. నిద్ర లేచినవాళ్లకు ఎటు పరుగెత్తాలో తెలియలేదు. ఊరితో కలిసి ఆచరించి చూడని ప్రణాళిక ఎంత పనికొస్తుందో ఆ రాత్రి తెలిసింది.

స్థానిక ప్రభుత్వం మాట ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే అమెరికాలోని లాంగ్ ఐలాండ్ వైపు చూడాలి. ఆ కథ 1979 మార్చి 28న త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో జరిగిన ప్రమాదంతో మొదలవుతుంది. రెండు రోజుల తర్వాత ఆ రాష్ట్ర గవర్నరు ఐదు మైళ్ల లోపున్న గర్భిణులు, బడికెళ్లని పిల్లలు వెళ్లిపోతే మంచిదని మాత్రమే చెప్పారు. కదిలింది సుమారు 1,44,000 మంది. చెప్పినవాళ్లే కదులుతారని, చెప్పినంత దూరమే వెళ్తారని అనుకోవడం తప్పని ఆ లెక్క తేల్చింది. దాంతో 1980లో అక్కడి నియంత్రణ సంస్థ, పది మైళ్ల లోపు ఊళ్ల అత్యవసర ప్రణాళిక ఉంటేనే లైసెన్సు అని నిబంధన పెట్టింది. లాంగ్ ఐలాండ్ మీద షోర్‌హామ్ రియాక్టరు అప్పటికి సగానికి పైగా కట్టేశారు. అది సన్నగా, పొడుగ్గా ఉండే దీవి, పారిపోవాలంటే న్యూయార్క్ నగరం వైపే దారి. సఫోక్ కౌంటీ, అంటే మన జిల్లా పరిషత్‌లాంటి ఎన్నికైన సభ, సొంతంగా అధ్యయనం చేయించింది. రోడ్ల మీద ఎన్ని కార్లు పడతాయి, బస్సు డ్రైవర్లు ముందు ఎవరి పిల్లల దగ్గరికి వెళ్తారు అన్న ప్రశ్నలు అడిగింది. 1983 ఫిబ్రవరిలో జనాన్ని క్షేమంగా తరలించే ప్రణాళిక సాధ్యం కాదని తీర్మానించి, ప్రణాళికలో పాల్గొననంది. న్యూయార్క్ గవర్నరు మారియో క్యూమో కౌంటీకి అండగా నిలిచారు.

ఆ తీర్మానం రియాక్టరు యంత్రాల భద్రత మీద నిలబడలేదు. ఆ అధికారం కౌంటీకి లేదు. మా రోడ్ల గురించి, మా బస్సుల గురించి, మా మనుషుల గురించి మేం చెబుతున్నామని మాత్రమే అంది. అదే దాని బలం. నియంత్రణ సంస్థ 1987లో నిబంధన సడలించి, స్థానిక ప్రభుత్వం కలిసిరాకున్నా కంపెనీ సొంత ప్రణాళికతో లైసెన్సు ఇవ్వొచ్చని దారి చూసుకుంది. 1989 ఏప్రిల్‌లో పూర్తి లైసెన్సు ఇచ్చేసింది కూడా. కానీ అప్పటికే కంపెనీ రియాక్టరును ఒక్క డాలరుకు రాష్ట్రానికి అప్పజెప్పే ఒప్పందం చేసుకుంది. దాదాపు 600 కోట్ల డాలర్లు పోసి కట్టింది వాణిజ్యంగా ఒక్కరోజూ నడవలేదు. ఆ నష్టం ఏళ్ల తరబడి అక్కడి జనం కరెంటు బిల్లుల్లోనే పడింది. కౌంటీ గెలుపును నేను గొప్పగా చెప్పడం లేదు. తరలింపు ప్రశ్న పునాది తవ్వకముందే అడిగి ఉంటే అంత సొమ్ము మట్టిపాలయ్యేది కాదు.

జపాన్ ఈ పాఠం ఇంకా చేదుగా నేర్చుకుంది. ఫుకుషిమా ప్రమాదంలో నమియే పట్టణానికి ఖాళీ చేయమన్న ఆదేశం టీవీలో తెలిసింది. మేయరు తమొత్సు బాబా జనాన్ని వాయవ్య దిక్కున ఉన్న త్సుషిమా వైపు తీసుకెళ్లారు. రేడియోధార్మిక మేఘం అటే వెళ్లింది. గాలి ఎటు వీస్తుందో లెక్కకట్టే కంప్యూటరు అంచనా ప్రభుత్వం దగ్గర ఉండి కూడా పట్టణానికి అందలేదు. తర్వాత ప్రణాళిక వలయాన్ని ముప్ఫై కిలోమీటర్లకు పెంచారు. తోకాయి-2 రియాక్టరును మళ్లీ నడపాలంటే తోకాయి గ్రామంతో పాటు చుట్టూ ఉన్న ఐదు నగరపాలికల ముందస్తు అంగీకారం తీసుకుంటామని కంపెనీ 2018లో ఒప్పందం రాసింది. 2021 మార్చిలో మితో జిల్లా కోర్టు ఆ రియాక్టరును నడపొద్దని తీర్పిచ్చింది. యంత్రంలో లోపం ఉందని ఇచ్చిన తీర్పు కాదది. ముప్ఫై కిలోమీటర్లలోని 14 స్థానిక ప్రభుత్వాల్లో ఐదింటికే తరలింపు ప్రణాళిక ఉందని, తొమ్మిది లక్షల పైచిలుకు జనం సంగతి తేలలేదని ఇచ్చిన తీర్పు. కంపెనీ అప్పీలుకు వెళ్లింది.

ఒక పంచాయతీ వద్దంటే దేశానికి కరెంటు ఆగిపోవాలా అన్న ప్రశ్న ఢిల్లీ నుంచి వస్తుంది. అది న్యాయమైన ప్రశ్నే. 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్తు కావాలని 2025 బడ్జెట్‌లో లక్ష్యం పెట్టుకున్నారు. బొగ్గు పొగ తగ్గాలంటే అది ఒక దారి. రియాక్టరు నమూనా సురక్షితమా కాదా అన్నది సర్పంచి ఓటుతో తేలాలని నేను అనను, అది ఇంజినీర్లు, నియంత్రణ మండలి తేల్చాల్సిందే. కానీ ఊరి రోడ్డు, ఊరి పాలకేంద్రం, ఊరి బడి గురించిన ప్రణాళిక ఊరి సభలో పెట్టకుండా స్థలానికి అనుమతి ఇవ్వకూడదు. ఆ ప్రణాళిక తెలుగులో ఉండాలి. పదహారు కిలోమీటర్లలోని ప్రతి పంచాయతీ దాన్ని చదివి, ఇది జరిగే పనేనని గానీ కాదని గానీ ఓటు వేయాలి. కాదన్న చోట ప్రణాళిక మారాలి, మారే దాకా అనుమతి ఆగాలి. షోర్‌హామ్‌లో కట్టాక జరిగింది, కొవ్వాడలో కట్టకముందే జరగవచ్చు. ఇంకా ఇటుక పడలేదు కాబట్టి ఇప్పుడే అందుకు సమయం.

చట్టం మారే దాకా ఆగక్కర్లేని పని కూడా ఒకటుంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు కలెక్టరు అధ్యక్షుడైతే, ఎన్నికైన స్థానిక సంస్థ ప్రతినిధి సహాధ్యక్షుడు. మన జిల్లాల్లో అది జిల్లా పరిషత్ చైర్మన్ కుర్చీ. అదే చట్టం 31వ సెక్షన్ జిల్లా ప్రణాళికను స్థానిక సంస్థలతో సంప్రదించి తయారుచేయాలనీ, ఏటా తిరిగి చూడాలనీ చెబుతుంది. అణు లైసెన్సులో దొరకని చోటు ఇక్కడ ఇప్పటికే ఉంది. కడప జిల్లా ప్రణాళికలో తుమ్మలపల్లె టెయిలింగ్ పాండ్ కట్ట తెగితే ఏ ఊళ్లకు ఎవరు కబురు చెప్పాలి, ఏ బోర్లు మూయాలి, ట్యాంకర్లు ఎక్కడి నుంచి రావాలి అన్న పేజీ ఉండాలని వేముల మండల పరిషత్ ఈ ఏడాదే తీర్మానించి పంపవచ్చు. శ్రీకాకుళంలో రణస్థలం మండలం తన రోడ్లు, పడవలు, పశువుల లెక్క రాసి అదే చేయవచ్చు. ఇక్కడ కర్నూలు, నంద్యాల జిల్లాల నుంచి ఉన్న జిల్లా పరిషత్ సభ్యులు మొదట అడగాల్సింది ఒక్కటే: జిల్లా విపత్తు ప్రణాళిక ప్రతి ఒకటి, తెలుగులో, మండల ఆఫీసు బల్ల మీద.